పెద్దపిల్లకు ఒక బడి, చిన్నపిల్లకు ఒక బడి

పత్తి ఏరే రోజులు. పొద్దు వంగింది. ఆడవాళ్ళు ఏరిన పత్తిని మూట కట్టి, చేను గట్టు మీద కూచున్నారు. వాళ్ళలో ఒక తల్లి ఉంది. ఆమె పక్కన ఆమె పెద్దపిల్ల కూచుంది. ఆ పిల్లకు పన్నెండేళ్ళు.

ఆ ఊళ్ళో బడి అయిదో తరగతి వరకే ఉంది. ఆరో తరగతికి పక్క ఊరికి పోవాలి. ఆరు కిలోమీటర్ల నడక. మధ్యలో వాగు. బడి వేళకు బస్సు లేదు. అందుకని పెద్దపిల్ల బడి మానేసింది. రెండేళ్ళుగా తల్లితో కూలికి వస్తోంది. చిన్నపిల్ల ఊరి బళ్ళో నాలుగో తరగతి చదువుతోంది.

“వదినా, పెద్దదానికి సంబంధం వచ్చిందట గదా?” అని పక్కనున్న ఆమె అడిగింది.

“వచ్చింది వదినా. పన్నెండేళ్ళ పిల్లకు పెండ్లేంది? నాకు మనసొప్పుతలేదు. ఇంట్ల పెట్టుకొని ఏం జేస్తవని మా అత్తమ్మ అంటది.”

“హాస్టల్ బడిల ఎయ్యరాదు?”

“ఏ బడిల ఎయ్యాలె? ఒకరు గురుకులం అంటరు. ఒకరు కస్తూర్బా అంటరు. ఒకరు పట్నంల ప్రైవేటు బడి అంటరు. ఏది మంచిదో నాకేం ఎరుక?”

ఈ ప్రశ్న ఆ ఒక్క తల్లిది కాదు. చాలా ఊళ్ళల్లో చాలామంది తల్లులది. ఏది మంచి బడి అని అందరూ అడుగుతారు. ఏ బడి ఈ పిల్లకు సరిపోతుంది అని తక్కువ మంది అడుగుతారు. రెండూ ఒకటి కావు. ఒకే ఇంట్లో పుట్టిన ఇద్దరు పిల్లలకు ఒకే బడి సరిపోకపోవచ్చు.

ముందు పిల్లను చూడాలి

బడిని చూడకముందే పిల్లను చూడాలి. ఈ సంగతి తల్లికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి.

పిల్ల బడి మానేసి ఎన్నేళ్ళయింది? పాఠాలు మరిచిపోయిందా? పిల్లకు ఏదైనా జబ్బు ఉందా? ఫిట్స్, ఆయాసం, చూపు తక్కువ లాంటివి ఉన్నాయా? రాత్రి పక్క తడుపుతుందా? కొత్తవాళ్ళతో కలుస్తుందా, భయపడుతుందా? తన బట్టలు తాను ఉతుక్కోగలదా? తల దువ్వుకోగలదా? అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇంకొకటి ఉంది. పిల్లకు పోవాలని ఉందా?

ఆ తల్లి ఆ రాత్రి ఇద్దరినీ దగ్గర కూచోబెట్టుకొని అడిగింది. చిన్నపిల్ల వెంటనే “పోతా” అంది. ఆ పిల్లకు లెక్కలంటే ఇష్టం. ఎవరితోనైనా మాట్లాడుతుంది. పెద్దపిల్ల తల వంచుకుంది. చాలాసేపటికి, “నాతో చదివినోళ్ళు ఇప్పుడు ఏడుల ఉన్నరు. నేను పోతే అందరు నవ్వుతరు” అంది.

తల్లికి అప్పుడు అర్థమైంది. పెద్దపిల్లకు చదువు మీద ఇష్టం పోలేదు. సిగ్గు అడ్డం వచ్చింది. ఆ పిల్లకు పెద్ద పేరున్న బడి అక్కర్లేదు. వెనకబడిన పిల్లను పక్కన కూచోబెట్టుకొని చెప్పే బడి కావాలి.

ఎన్ని రకాల బళ్ళు ఉన్నాయి?

ఉండి చదువుకునే సర్కారు బళ్ళు చాలా రకాలు. పేర్లు ఒకేలా అనిపిస్తాయి. తేడా తెలుసుకోవాలి.

గురుకులం: పిల్లలు అక్కడే ఉంటారు, అక్కడే తింటారు, అక్కడే చదువుతారు. మన దగ్గర సర్కారు గురుకులాలు 1971లో మొదలయ్యాయి. అప్పుడు పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి. మొదటిది నల్గొండ జిల్లా సర్వేల్‌లో పెట్టారు. ఆ ఊరు ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. తరువాత ఎస్సీ పిల్లల కోసం సాంఘిక సంక్షేమ గురుకులాలు వచ్చాయి. గిరిజన గురుకులాలు, బీసీ గురుకులాలు, మైనారిటీ గురుకులాలు కూడా ఉన్నాయి. ఒక కులం పేరుతో ఉన్న గురుకులంలో మిగతా కులాల పిల్లలకు కూడా కొన్ని సీట్లు ఉంటాయి. చదువు, అన్నం, బట్టలు, పుస్తకాలు ఉచితం. ఇప్పుడు గురుకులాల్లో చదువు ఎక్కువగా ఇంగ్లీషు మీడియంలోనే సాగుతోంది.

సాంఘిక సంక్షేమ గురుకులంలో అయిదో తరగతి నుంచి చేర్చుకుంటారు. దానికి పరీక్ష ఉంటుంది. పిల్ల నాలుగో తరగతి చదువుతుండగానే ఆ పరీక్ష రాయాలి. అయిదు అయిపోయాక చూద్దాం అనుకుంటే ఆలస్యమవుతుంది. చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. పై తరగతుల్లో ఖాళీలు ఉంటే వాటికి విడిగా ప్రకటన వస్తుంది. కానీ అప్పుడు సీట్లు తక్కువ.

కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం: ఇది ఆడపిల్లల బడి. ఈ పథకం 2004లో మొదలైంది. ఆరో తరగతి నుంచి ఉంటుంది. చాలా చోట్ల ఇంటర్ దాకా పెరిగింది. బడి మానేసిన పిల్లలకు, తల్లి గానీ తండ్రి గానీ లేని పిల్లలకు, పేదింటి పిల్లలకు ఇక్కడ ముందు చోటు. ఇక్కడ కూడా అంతా ఉచితం. బడి పెద్దను స్పెషల్ ఆఫీసర్ అంటారు. ఆమెను పిల్లలు మేడం అని పిలుస్తారు.

నవోదయ: ఇది కేంద్ర సర్కారు బడి. ఆరో తరగతిలో చేరాలి. అయిదో తరగతి చదువుతుండగా పరీక్ష రాయాలి. ఆ పరీక్ష ఒక పిల్ల ఒక్కసారే రాయగలదు. ఏ జిల్లా పిల్లలు ఆ జిల్లా బడికే రాయాలి. నూటికి 75 సీట్లు పల్లె పిల్లలకే. మూడో వంతు సీట్లు ఆడపిల్లలకు. పోటీ చాలా ఎక్కువ.

ఏకలవ్య బడి: ఇది గిరిజన పిల్లల కోసం పెట్టిన బడి. ఆరో తరగతి నుంచి ఉంటుంది.

సంక్షేమ హాస్టలు: ఇది బడి కాదు. ఇక్కడ పిల్లలు ఉంటారు, తింటారు. చదువుకు దగ్గరలోని బడికి పోయి వస్తారు. కనుక హాస్టలును ఒకసారి చూడాలి. ఆ బడిని ఇంకోసారి చూడాలి. రెంటి మధ్య దారిని కూడా చూడాలి.

ప్రైవేటు హాస్టలు బడి: ఇక్కడ ఫీజు కట్టాలి. ఎంత కట్టాలో మొదటే పూర్తిగా తెలుసుకోవాలి.

డబ్బు లెక్క

ఆ తల్లికి మేనమామ ఒక సలహా ఇచ్చాడు. “పట్నంల ప్రైవేటు బడి ఉంది. ఏడాదికి యాభై వేలు. అప్పు చేసైనా చెయ్యాలె” అన్నాడు.

తల్లి రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది. లెక్కలు కూడా నేర్చుకుంది. పలక తీసింది. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. యాభై వేలకు నెలకు వెయ్యి. ఏడాదికి పన్నెండు వేలు వడ్డీయే. వచ్చే ఏడు మళ్ళీ యాభై వేలు కావాలి. పదో తరగతి దాకా ఎన్నిసార్లు అప్పు చెయ్యాలి? మధ్యలో కట్టలేకపోతే పిల్ల మళ్ళీ ఇంటికే. తల్లి పలక పక్కన పెట్టింది.

ప్రైవేటు బడి చెడ్డదని కాదు. కట్టగలిగినవాళ్ళు చేర్చవచ్చు. అయితే ఆ బడికి సర్కారు గుర్తింపు ఉందా అని అడగాలి. మెస్సు, బట్టలు, పుస్తకాలు, బస్సు అన్నీ కలిపి ఎంతో కాగితం మీద రాయించుకోవాలి. కట్టిన ప్రతి రూపాయికి రసీదు తీసుకోవాలి. మధ్యలో పిల్లను తీసుకువస్తే ఎంత వెనక్కి ఇస్తారో అడగాలి. చదవకుండా సంతకం పెట్టకూడదు.

సర్కారు గురుకులంలో సీటు ఇప్పిస్తానని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకూడదు. అక్కడ సీటు కొనుక్కునేది కాదు.

పోయి చూడాలి

చెప్పిన మాట విని పిల్లను చేర్చకూడదు. పోయి కళ్ళతో చూడాలి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన రాష్ట్రపు ఆడవాళ్ళకు టికెట్ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి అలాంటి వీలు వచ్చింది. ఆధార్ కార్డు దగ్గర పెట్టుకుంటే చాలు.

ఆ తల్లి, వదిన కలిసి మండల కేంద్రం దగ్గరి కస్తూర్బా బడికి పోయారు. పెద్దపిల్లను కూడా తీసుకుపోయారు. గోడ మీద బోర్డు ఉంది. తల్లి నిలబడి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. ఏ రోజు ఏ కూర, ఏ రోజు గుడ్డు అని రాసి ఉంది. మేడం మర్యాదగా కూచోబెట్టి మాట్లాడింది. తరగతి గదులు చూపించింది. వెనకబడిన పిల్లలకు సాయంత్రం విడిగా పాఠం చెబుతామని చెప్పింది.

తల్లి అంతటితో ఆగలేదు. “మేడం, పిల్లలతో కాసేపు మాట్లాడుతం” అని అడిగింది. చెట్టు కింద పిల్లలు కూచున్నారు.

“ఇయ్యాల ఏం తిన్నరు బిడ్డా?” అని అడిగింది. పిల్లలు చెప్పారు. బోర్డు మీద రాసిందీ, పిల్లలు చెప్పిందీ ఒకటే.

“ఇంకేమన్న ఇబ్బంది ఉందా?”

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక పిల్ల మెల్లగా, “చివరి రెండు స్నానాల గదులకు గడియ లేదు అత్తా. ఒకరు కాపలా ఉంటే ఒకరు పోతం” అంది.

తల్లి పోయి చూసింది. నిజమే. మేడం దగ్గరికి వచ్చి చెప్పింది. ఎవరు చెప్పారో మాత్రం చెప్పలేదు. “ఆడపిల్లలు ఉండే చోటు. గడియ లేకుంటే ఎట్ల మేడం?” అని అడిగింది. వారంలో పెట్టిస్తామని మేడం అంది. తల్లి పదిహేను రోజులకు మళ్ళీ వచ్చి చూసింది. రెండు తలుపులకూ గడియలు ఉన్నాయి. ఆమెకు ధైర్యం వచ్చింది. గడియ ఉన్నందుకు మాత్రమే కాదు. అడిగితే వినే బడి అని తెలిసినందుకు.

బడికి పోయినప్పుడు ఇవి చూడండి:

• తాగే నీళ్ళు ఎక్కడివి? పిల్లలందరికీ సరిపోతాయా?
• మరుగుదొడ్లలో నీళ్ళు వస్తాయా? తలుపులకు గడియలు ఉన్నాయా? దీపం ఉందా?
• వంట గది శుభ్రంగా ఉందా? బియ్యంలో, పప్పులో పురుగులు ఉన్నాయా? పాడైన తిండి తిని హాస్టలు పిల్లలు ఆస్పత్రి పాలైన వార్తలు పేపర్లలో వస్తూనే ఉన్నాయి. కనుక మొహమాటపడకుండా వంట గది చూడాలి.
• పిల్లలు ఎక్కడ పడుకుంటారు? కిటికీలకు జాలీ ఉందా? దోమలు రాకుండా ఏం చేశారు?
• రాత్రి పూట పిల్లలతో ఎవరు ఉంటారు? ఆడ టీచరు ఉంటుందా? కాపలా ఎవరు?
• పిల్లకు రాత్రి జ్వరం వస్తే ఏం చేస్తారు? ఏఎన్ఎం ఉందా? దవాఖాన ఎంత దూరం?
• నెలసరి సమయంలో ప్యాడ్లు ఇస్తారా? వాడినవి వేయడానికి చోటు ఉందా?
• ఇంటికి ఫోన్ ఎప్పుడు చేయనిస్తారు? తల్లిదండ్రులు ఏ రోజు రావచ్చు?
• ఫిర్యాదుల పెట్టె ఉందా? 1098 నంబరు గోడ మీద రాసి ఉందా?

అన్నీ బాగున్న బడి దొరకడం కష్టం. మంచం లేకపోయినా పిల్ల చదువుకుంటుంది. ఆటస్థలం చిన్నదైనా సర్దుకుంటుంది. కానీ మంచినీళ్ళు, మరుగుదొడ్డి, రాత్రి కాపలా, జబ్బు చేస్తే చూసే మనిషి – ఈ నాలుగింటి దగ్గర సర్దుకోకూడదు.

ఎంత దూరం?

దూరం కూడా చూడాలి. ఇంటి నుంచి బడికి ఎన్ని బస్సులు మారాలి? కబురు వస్తే తల్లి అదే రోజు చేరగలదా? పరీక్ష రాసి సీటు కోసం బళ్ళ పేర్లు ఇచ్చేటప్పుడు ఇది గుర్తుండాలి. పేరు గొప్పదని దూరపు బడిని ముందు రాస్తే, తరువాత పోయి చూడడం కష్టం. చిన్న వయసు పిల్లలకు దగ్గరి బడి మేలు.

వదిన కొడుకు సంగతి వేరు. ఆ పిల్లవాడికి ఫిట్స్ వస్తాయి. రోజూ వేళకు మందు వెయ్యాలి. గురుకులం పరీక్ష రాయిద్దామా అని వదిన ఆలోచించింది. డాక్టరును అడిగింది. మందు మానకుండా చూసే మనిషి ఉంటే ఎక్కడైనా చదవవచ్చు అన్నాడు. అలాంటి ఏర్పాటు దగ్గరలో ఏ హాస్టల్లోనూ ఆమెకు కనిపించలేదు. అందుకని పిల్లవాడిని తన చెల్లెలి ఇంట్లో ఉంచి, ఆ ఊరి హైస్కూలుకు పంపింది. హాస్టల్లో చేర్చకపోవడం తప్పు కాదు. ఆ పిల్లవాడికి అదే సరిపోయింది.

చట్టం ఏమంటుంది?

పెద్దపిల్ల రెండేళ్ళు బడి మానేసింది. ఇప్పుడు చిన్నపిల్లల మధ్య కూచోవాలా? అక్కర్లేదు. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది. ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ దాకా ఉన్న పిల్ల బడిలో చేరితే, వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. వెనకబడిన పాఠాలు విడిగా చెప్పాలి. టీసీ ఆలస్యమైందని చేర్చుకోవడం ఆపకూడదు.

పెళ్ళి సంగతి కూడా చట్టంలో ఉంది. ఆడపిల్లకు పద్దెనిమిదేళ్ళు నిండకుండా పెళ్ళి చేయకూడదు. చేసినవాళ్ళకూ, చేయించినవాళ్ళకూ శిక్ష ఉంది. తల్లి ఈ మాట అత్తగారికి చెప్పింది. అత్తగారు వెంటనే ఒప్పుకోలేదు. “చదివి ఏం జేస్తది?” అంది.

అప్పుడు వదిన పూర్ణ సంగతి చెప్పింది. మాలావత్ పూర్ణ నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం పిల్ల. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు.

“మన పిల్ల కొండలెక్కాలని కాదు పెద్దమ్మా. ఆ పిల్లను ఇంట్లనే ఉంచితే ఆ బలం ఉన్నదని ఎవరికి తెలుస్తుండె?” అంది వదిన.

ముసలమ్మ ఏమీ అనలేదు. మరునాడు పొద్దున, “బడికి పోయేటప్పుడు పిల్లకు దుప్పటి కొనాలె” అంది.

కాగితాలు సిద్ధం చేసుకోవాలి

పుట్టిన తేదీ సర్టిఫికెట్, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, ఆధార్, రేషన్ కార్డు, ఫొటోలు, బడి వాళ్ళు ఇచ్చే స్టడీ సర్టిఫికెట్ – ఇవి ముందే పెట్టుకోవాలి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు రావడానికి రోజులు పడతాయి. ప్రకటన వచ్చాక పరుగెత్తితే గడువు దాటిపోతుంది. ప్రకటన ఎప్పుడు వస్తుందో ఊరి బడి సారును ముందే అడిగి పెట్టుకోవాలి.

దరఖాస్తు కంప్యూటర్లో పెడతారు. పిల్ల పేరు, పుట్టిన తేదీ, కులం సరిగా కొట్టారో లేదో చదివి చూడాలి. ఒక్క అక్షరం తప్పుపడినా తరువాత తిరగాలి. దరఖాస్తు కాగితం ఒకటి ఇంట్లో దాచుకోవాలి.

చిన్నపిల్లతో గురుకులం పరీక్ష రాయించారు. సీటు వచ్చింది. అందరికీ వస్తుందని లేదు. రాకపోతే పిల్లను తిట్టకూడదు. సీట్లు తక్కువ, రాసేవాళ్ళు ఎక్కువ. అయిదో తరగతిలో నవోదయ పరీక్ష ఉంది. ఆరో తరగతికి కస్తూర్బా ఉంది.

చేర్చాక పని అయిపోదు

పెద్దపిల్ల కస్తూర్బాలో ఏడో తరగతిలో చేరింది. చిన్నపిల్ల గురుకులంలో అయిదులో చేరింది.

మొదటి నెల ఏ పిల్లయినా ఏడుస్తుంది. బెంగ పెట్టుకుంటుంది. అది మామూలే. కానీ పిల్ల తిండి మానేసినా, ఎవరినో చూసి భయపడుతున్నా, ఇంటికొచ్చి తిరిగి పోనని మొండికేసినా, “అట్లనే ఉంటది, అలవాటైతది” అని తోసెయ్యకూడదు. తలుపు వేసుకుని, పక్కన కూచుని నెమ్మదిగా అడగాలి. ఎవరైనా తాకరాని చోట తాకితే దాచవద్దని పిల్లకు పంపే ముందే చెప్పాలి. తప్పు పిల్లది కాదని చెప్పాలి. పిల్లలకు ఆపద వస్తే 1098కి ఫోన్ చేయవచ్చు. పగలూ రాత్రీ పలుకుతుంది. డబ్బు పడదు. ఆ నంబరు పిల్లకు నోటికి వచ్చేలా నేర్పాలి.

తల్లిదండ్రుల సమావేశానికి తప్పక పోవాలి. ఒకరోజు కూలి పోతుంది, నిజమే. కానీ తల్లి వచ్చి అడుగుతుందని తెలిసిన చోట పిల్లను జాగ్రత్తగా చూస్తారు.

దసరాకు ముందు ఆ తల్లికి ఒక కాగితం వచ్చింది. అదే బడి పిల్ల ఒకతె ఇంటికి వస్తుంటే, పెద్దపిల్ల ఆమె చేతికి ఇచ్చి పంపింది. ఇదివరకయితే తల్లి ఆ కాగితం పట్టుకొని ఎవరింటికో పోయేది. ఈసారి గడపలో కూచుని తానే చదివింది.

“అమ్మా, బాగున్న. లెక్కలు ఇంక కష్టమే ఉన్నయి. మేడం సాయంత్రం చెప్తుంది. నా పక్కన కూచునే పిల్ల కూడ రెండేండ్లు బడి మానేసిందట. ఎవరు నవ్వలేదు. నువ్వు వచ్చేటప్పుడు చెల్లెను చూసి రా. దానికి తల దువ్వుకోరాదు.”

తల్లి రెండుసార్లు చదివింది. తరువాత పలక పక్కన పెట్టి, కాగితం, పెన్ను తీసుకుంది. జవాబు రాయడం మొదలుపెట్టింది.

మాట్లాడుకుందాం

1. మీ ఊరి బడి ఎన్నో తరగతి దాకా ఉంది? ఆ తరువాత ఆడపిల్లలు ఎక్కడికి పోతున్నారు?
2. మీ ఊళ్ళో బడి మానేసిన ఆడపిల్లలు ఎంతమంది? వాళ్ళ పేర్లు రాయండి.
3. మీ మండలంలో కస్తూర్బా బడి ఎక్కడ ఉంది? ఇద్దరు ముగ్గురు కలిసి పోయి చూసి రండి.
4. గురుకులంలో అయిదో తరగతిలో చేరాలంటే పరీక్ష ఏ తరగతిలో ఉండగా రాయాలి?
5. ముప్పై వేల రూపాయలకు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అయితే ఏడాదికి వడ్డీ ఎంత?